చదువు రాని అమ్మ కూడా చదివించగలదు



ఏటా జూన్‌లో పిల్లవాణ్ణి హాస్టల్లో చేర్చడానికి వచ్చే తండ్రుల్లో చాలామంది నోట ఇంచుమించు ఒకే మాట వస్తుంది. "మేం సదువుకోలేదండి, మాకేం తెలీదండి. ఇక మీదేనండి భారం." ఆ మాటలో వినయం ఉంది, మాస్టార్ల మీద నమ్మకం ఉంది. కానీ దాని వెనక ఒక నష్టం కూడా దాగి ఉంది. తనకు అక్షరాలు రావు కాబట్టి పిల్లవాడి చదువులో తనకు పని లేదని ఆ తండ్రి అనుకుంటున్నాడు. పిల్లవాడు ఐదో తరగతిలో కూడికల దగ్గరో, ఆరో తరగతిలో ఒత్తుల దగ్గరో ఆగిపోతే ఆ సంగతి ఇంటికి తెలియదు. తెలిసేసరికి తొమ్మిదో తరగతి వస్తుంది. అప్పుడు "వీడికి చదువు అబ్బలేదు" అని తీర్పు చెప్పి పనిలో పెట్టేస్తారు.

మా ఇంట్లో డిగ్రీ దాటి పీజీ వరకు వచ్చింది మేమే మొదటివాళ్ళం. మా అమ్మకు సంతకం తప్ప రాదు. అందుకే ఈ విషయం మీద నాలుగు మాటలు రాయాలనిపించింది. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. చదువు చెప్పడం వేరు, చదువును కనిపెట్టుకుని ఉండటం వేరు. మొదటిది మాస్టారి పని. రెండోది అక్షరం రాని అమ్మ కూడా చేయగలదు. వెనకబడిన పిల్లవాడికి ఈ రెండూ కావాలి.

మన ఇళ్ళలో ఆశకు కొదవ లేదు

పేదవాళ్ళకు చదువు విలువ తెలియదని కొందరు తేలిగ్గా అనేస్తారు. ఇది నిజం కాదు. మనకు దగ్గరలోని మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న గారు "పాలేరు" అనే నాటకం రాశారు. పాలేరుగా ఉన్న కుర్రవాడు చదువుకుని అధికారి కావడం దాని కథ. గూడెంలో పుట్టిన బిడ్డ పెద్ద ఉద్యోగి కాగలడని ఊహించడమే కష్టమైన రోజుల్లో ఆ నాటకం ఆడుతుంటే మన పెద్దలు చూశారు. ఎదుర్లంకలో 1951లో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి గారు తమ ఊళ్ళో ప్రాథమిక బడి కూడా లేక పక్కనున్న గుత్తెనదీవికి వెళ్ళి చదువుకున్నారు. 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. ఆశ మన కోనసీమ నేలలోనే ఉంది.

రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి పనిలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చే ఉద్యమం నడిపింది. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. అక్కడ తేలిన ముఖ్య విషయం ఏమిటంటే, నిరుపేద తల్లిదండ్రులు కూడా పిల్లల్ని చదివించాలనే కోరుకుంటారు. వారికి అడ్డం వస్తున్నది ఇష్టం లేకపోవడం కాదు, బడి గడప దగ్గర ఎదురయ్యే బెరుకు. ఏ కాగితం అడుగుతారో, ఎవరితో ఎలా మాట్లాడాలో తెలియని బెరుకు.

మన ఇళ్ళ సంగతి మనకు తెలుసు. నాన్న కొబ్బరి దింపుకో, వలుపుకో, రొయ్యల చెరువు కాపలాకో వెళతాడు. అమ్మ ఊడ్పులకో కోతలకో పోతుంది, లేదా కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపని చేస్తుంటుంది. పిల్లవాడు మామ్మ దగ్గరో, హాస్టల్లోనో ఉంటాడు. పట్నం పుస్తకాల్లో రాసినట్టు "రోజూ సాయంత్రం మీ పిల్లలతో హోంవర్కు చేయించండి" అంటే మన ఇళ్ళలో కుదరదు. మన ఇళ్ళకు సరిపోయే ఉపాయాలు మనమే చెప్పుకోవాలి.

వెనకబడటం అంటే ఏమిటి?

పిల్లవాడు వెనకబడ్డాడంటే బుర్ర లేదని అర్థం కాదు. చదువు మెట్ల లాంటిది. ఒక మెట్టు దాటకుండానే వయసు వాణ్ణి పై తరగతికి నెట్టింది. ఆ మెట్టు ఏదో కనిపెడితే సగం పని అయినట్టే.

ఇది మన ఒక్క ఊరి సమస్య కూడా కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి చేయిస్తున్న అసర్ సర్వే ప్రకారం, దేశంలోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదువుతూ రెండో తరగతి పాఠం చదవగలిగిన వారు 2018లో నూటికి 20.9 మంది. కరోనా తర్వాత 2022లో అది 16.3కు పడిపోయింది. 2024లో 23.4కు పెరిగింది. ఐదో తరగతి పిల్లల్లో కూడా 2024లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు నూటికి 44.8 మందే. అంటే మీ పిల్లవాడు తడబడుతుంటే వాడు ఒంటరి కాదు. సిగ్గుపడి దాచాల్సిన విషయం అంతకంటే కాదు.

చదవడం నెమ్మదిగా ఉన్న పిల్లవాడికి ఏం జరుగుతుందో చూడండి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరచిపోతాడు. వాడి శక్తి అంతా అక్షరాల దగ్గరే ఖర్చవుతుంది, అర్థానికి మిగలదు. అందుకే సాంఘికశాస్త్రంలోనూ సైన్సులోనూ కూడా మార్కులు రావు. అన్ని సబ్జెక్టుల్లో వెనకబడ్డాడని మనం అనుకుంటాం. నిజానికి వెనకబడింది ఒక్క చదవడంలోనే.

లెక్కల్లో ఇంకో ఉదాహరణ. 52 లోంచి 17 తీసెయ్యమంటే కొంతమంది పిల్లలు 45 అని రాస్తారు. 2 లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7 లోంచి 2 తీసేస్తారు. అదే పిల్లవాణ్ణి కొట్టుకు పంపి "52 రూపాయలిచ్చాను, 17 రూపాయల సరుకు తెచ్చావు, మిగతా ఎంత?" అని అడిగితే 35 అని ఠక్కున చెబుతాడు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో గార్ల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లల్ని పరిశీలించి 2025లో "నేచర్" పత్రికలో ఇదే విషయం రాశారు. బేరాల్లో నోటిలెక్క చకచకా వేసే పిల్లలు అదే లెక్కను బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే చేయలేకపోయారు. బడిలో బాగా చదివే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. తెలివి లేక కాదు, ఆ రెంటికీ మధ్య వంతెన లేక. ఆ వంతెన వేయడంలో అమ్మానాన్నలకు పెద్ద పాత్ర ఉంది.

ఒకే గదిలో ఒక తండ్రి చేసిన పని

2022లో ఏర్పడిన మన జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ అంబేద్కర్ గారి చిన్ననాటి సంగతి ఒకటి ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. బొంబాయి పరేల్ ప్రాంతంలో వారిది ఒకే గది ఇల్లు. వంట అక్కడే, సామాను అక్కడే, పడక అక్కడే. అందరూ మెలకువగా ఉంటే పుస్తకం తెరిచే చోటే లేదు. అందుకని తండ్రి రాంజీ సక్పాల్ గారు కొడుకును పెందలాడే పడుకోబెట్టేవారు. తాను తెల్లవారుజామున రెండు గంటల వరకు మేలుకుని, కొడుకును లేపి చదువుకు కూర్చోబెట్టి, అప్పుడు తాను పడుకునేవారు. కొడుకుకు పుస్తకం కావలసి వచ్చి చేతిలో డబ్బు లేకపోతే పెళ్ళయిన కూతుళ్ళ దగ్గరకు వెళ్ళి నగ అడిగి తెచ్చి తాకట్టు పెట్టేవారు. ఆ కొడుకు 1907లో ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్ నుంచి మెట్రిక్ పాసయ్యాడు.

రాంజీ గారు చదువుకున్నవారే, సైనిక బడిలో పనిచేసినవారే. కానీ పైన చెప్పిన రెండు పనుల్లో దేనికీ ఆయన చదువు అక్కరలేదు. చోటు లేనప్పుడు వేళ చూపించారు. డబ్బు లేనప్పుడు దారి చూపించారు. కనిపెట్టుకుని ఉండటమంటే ఇదే.

అమ్మానాన్నలు చేయదగిన పనులు

1. చదివించి వినండి. సెలవులకు పిల్లవాడు ఇంటికొచ్చినప్పుడు రోజుకు పదిహేను నిమిషాలు పైకి చదవమనండి. మీకు అక్షరాలు రాకపోయినా చెవులున్నాయి. ధారగా సాగుతోందా, ముక్కలు ముక్కలుగా వస్తోందా అన్నది చెవికి ఇట్టే తెలుస్తుంది. మా అమ్మ వీధి అరుగు మీద కొబ్బరి ఈనెలు చీరుతూ మా చేత చదివించుకునేది. ఎక్కడైనా మింగేస్తే "అక్కడేదో నలిగిందిరా, మళ్ళీ సదువు" అనేది. పుస్తకంలో ఏముందో ఆమెకు తెలియదు. నలిగిన చోటు మాత్రం తెలిసేది.

2. చదివింది చెప్పమనండి. పుస్తకం మూయించి "ఇప్పుడు నాకర్థమయ్యేలా చెప్పు" అని అడగండి. అదే పాఠం పదిసార్లు తిరగేసేకంటే, చూడకుండా గుర్తు తెచ్చుకుని చెప్పడం వల్ల ఎక్కువ కాలం నిలుస్తుందని మనసు మీద పరిశోధన చేసినవారు తేల్చారు. ఇక్కడ అమ్మకు చదువు రాకపోవడం ఒక విధంగా మేలే. తెలియనివారికి అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు తనకు అర్థం కావాలి కదా!

3. తెలుగు పేజీతో మొదలుపెట్టించండి. మన రాష్ట్రంలో 2020-21 నుంచి దశలవారీగా ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. ఇంగ్లీషు మీడియం అనేసరికి బెదిరిపోయిన పిల్లవాడు ఇంగ్లీషు పేజీని అర్థం లేకుండా బట్టీ పడతాడు. ముందు తెలుగు పేజీ మీకు చదివి చెప్పాక, దాని పక్కనున్న ఇంగ్లీషు పేజీ చదవమనండి. విషయం ముందే తెలిసి ఉంటుంది కాబట్టి కొత్త మాటలు పట్టుబడతాయి.

4. మీ పనిలోని లెక్కను కాగితం మీద పెట్టించండి. వెయ్యి కాయల వలుపుకు ఇంత అని కూలి మాట్లాడుకున్నప్పుడు 640 కాయలకు ఎంత వస్తుందో వాడిచేత కట్టించండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి 5,000 తెస్తే నెలకు 100, ఏడాదికి 1,200 అని మీరు నోటితో చెప్పగలరు. దాన్నే బడిలో సంవత్సరానికి 24 శాతం బారువడ్డీ అంటారు. డ్వాక్రా పాసుపుస్తకం పిల్లవాడి చేత చదివించండి. మీకు వచ్చిన లెక్కే బడిలోనూ ఉందని వాడికి తెలిస్తే భయం సగం పోతుంది.

5. చోటూ వేళా చూపించండి. హాస్టల్లో స్టడీ అవర్ ఉంటుంది, ఇంట్లో ఉండదు. రోజూ ఒకే వేళకు ఒక అరగంట టీవీ కట్టేసి, ఫోను పక్కన పెట్టి, దీపం వెలుగు పుస్తకం మీద పడేలా కూర్చోబెట్టండి. పరీక్షల పేరుతో రాత్రంతా మేలుకోనివ్వకండి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు రోజుకు కనీసం తొమ్మిది గంటలు, అది దాటిన పిల్లలకు కనీసం ఎనిమిది గంటలు నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. నిద్రలోనే చదివింది బుర్రలో కుదురుకుంటుంది.

6. పోల్చకండి, తిట్టకండి, కొట్టకండి. "మీ బావను చూడు", "నువ్వు మొద్దువి" అన్న మాటలతో ఎవరికీ లెక్కలు రాలేదు. రోజూ మొద్దు అంటే పిల్లవాడు నిజమేననుకుని ప్రయత్నం మానేస్తాడు. మెచ్చుకునేటప్పుడు కూడా ఊరికే "బంగారం" అనకుండా ఫలానా పని చూసి మెచ్చుకోండి. "నిన్న ఈ పేజీకి ఐదుసార్లు ఆగావు, ఇవాళ రెండేసార్లు ఆగావు" అంటే వాడికి తన ఎదుగుదల కనిపిస్తుంది. బడిలో కూడా పిల్లల్ని కొట్టడం, మనసు నొప్పించేలా అవమానించడం విద్యాహక్కు చట్టం నిషేధించింది.

7. కళ్ళు, చెవులు, రక్తం పరీక్ష చేయించండి. బోర్డు మీది అక్షరం కనబడక వెనకబడ్డ పిల్లలు చాలామంది ఉంటారు. పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకోవడం, పక్కవాడి నోట్సు చూసి రాసుకోవడం, పిలిస్తే పలకకపోవడం, ఊరికే నీరసపడటం గమనించండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. ఒక కళ్ళజోడుతో, ఐరన్ మాత్రలతో చదువు మారిన పిల్లలు ఉన్నారు. ఎంత చదివినా అక్షరాలు తారుమారవుతుంటే, మిగతా విషయాల్లో చురుగ్గా ఉండి చదవడం ఒక్కటే రాకపోతే అది డిస్లెక్సియా కావచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాన్ని కూడా గుర్తించింది. అది ఎవరి తప్పూ కాదు. బడిలో అడిగితే మండలంలోని భవిత కేంద్రం వివరాలు చెబుతారు.

8. సెలవుల తర్వాత మొదటి రోజే పంపండి. దసరాకు, సంక్రాంతికి ఇంటికొచ్చిన పిల్లవాణ్ణి "కనుమ వెళ్ళాలి, ప్రభల తీర్థం చూడాలి, ముక్కనుమ కూడా అవ్వనీ" అంటూ మరో వారం ఉంచేస్తాం. తీర్థం చూపించండి, కాదనం. కానీ బడి తెరిచిన రోజు వాడు క్లాసులో ఉండాలి. బాగా చదివేవాడు వారం పోయినా అందుకుంటాడు. వెనకబడినవాడికి ఆ వారంలో ఇంకో మెట్టు తప్పిపోతుంది.

9. దూరదేశంలో ఉన్న అమ్మ కోసం. గల్ఫ్ నుంచి ఫోను చేసే అమ్మ మొదట "తిన్నావా?" అంటుంది, తర్వాత "బాగా సదువుకుంటున్నావా?" అంటుంది. పిల్లవాడు "ఆఁ" అంటాడు. అక్కడితో చదువు సంగతి అయిపోతుంది. దానికి బదులు "ఇవాళ తెలుగు మాస్టారు ఏం చెప్పారు? ఆ కథ నాకు చెప్పు" అని అడగమ్మా. వారానికి ఒక్కసారి ఒక పేజీ ఫోనులో చదివించుకో. నీ కష్టం అంతా వాడి చదువు కోసమే కదా. ఆ పది నిమిషాలు వాడికి నువ్వు పంపే డబ్బుకంటే తక్కువవి కావు.

బడికి వెళ్ళి ఏం అడగాలి?

చదువుకోనివారికి బడి మెట్లెక్కడం బెరుకే. కానీ అది మనకెవరో పెట్టే భిక్ష కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి తల్లిదండ్రులతో తరచూ సమావేశమై చెప్పడం ఉపాధ్యాయుని విధి. వెనకబడిన పిల్లవాడికి అదనంగా బోధించడం కూడా విధే. ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవారు ఉండాలి. మన రాష్ట్రంలో 2024 డిసెంబర్ 7న, మళ్ళీ 2025 జూలై 10న అన్ని ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు జరిగాయి. అలాంటి రోజున ఒక పూట కూలి పోయినా సరే వెళ్ళండి. వెళ్ళి ఊరికే సంతకం పెట్టి రాకండి. ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

మా వాడు తడబడకుండా చదువుతున్నాడా, ఏ తరగతి పుస్తకం వరకు చదవగలడు?
కూడిక, తీసివేత, గుణకారం, భాగాహారంలో ఎక్కడ ఆగాడు?
ఈ నెల ఎన్ని రోజులు బడికి రాలేదు?
క్లాసులో ఎక్కడ కూర్చుంటున్నాడు, ఎవరితో ఉంటున్నాడు?
వచ్చే నెలలోపు వాడు నేర్చుకోవలసిన ఒక్క విషయం ఏమిటి, మేం ఇంట్లో ఏం చేయాలి?

ఇవే ప్రశ్నలు హాస్టల్‌కు వచ్చినప్పుడు వార్డెన్ గారినీ, ట్యూటర్ గారినీ అడగండి. ఆదివారం పిల్లవాడికి జంతికలు తెచ్చిన చేత్తోనే నోట్సు పుస్తకం ఒకసారి తిరగేయండి. పేజీలు ఖాళీగా ఉన్నాయా, దిద్దిన ఎర్రసిరా ఉందా అన్నది చూడటానికి అక్షరాలు రానక్కరలేదు. బడికి వెళ్ళేటప్పుడు తోడు కావాలంటే గ్రూపులో చదువుకున్న ఆడపడుచునో, ఇలాంటి హాస్టల్లో చదివిన కుర్రవాణ్ణో వెంట తీసుకెళ్ళండి.

పరీక్ష తప్పినా దారి ఉంది

పదో తరగతి తప్పిన రోజు మన ఇళ్ళలో చావు కబురు వచ్చినట్టు ఉంటుంది. తిట్లు, ఏడుపులు, "రేపట్నుంచి చెరువు మీదకు పోరా" అన్న మాట. ఆ రోజే తల్లిదండ్రుల అండ ఎక్కువ కావాలి. పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకండి, ముందు అన్నం పెట్టండి. తర్వాత మార్కులు చూడండి. ఒకటి రెండు సబ్జెక్టులే పోయి ఉంటే ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు జరుగుతాయి. ఫీజు గడువు తప్పకుండా బడికి వెళ్ళి కనుక్కోండి. మధ్యలో మానేసిన పిల్లలకు 1991లో మొదలైన ఓపెన్ స్కూల్ ఉంది. పద్నాలుగేళ్ళు నిండినవారు అందులో పది చదవవచ్చు.

మన తాటిపాకలో 2001లో ఓ.ఎన్.జి.సి. చిన్న రిఫైనరీ మొదలైంది. మన ఊరి నేల కిందనుంచి వచ్చిన చమురు అక్కడ శుద్ధి అవుతుంది. అలాంటి చోట సాంకేతిక పనికి దరఖాస్తు పెట్టాలంటే ముందు అడిగేది పదో తరగతి సర్టిఫికెట్టే. గేటు బయట మట్టి మోయడానికి, గేటు లోపల మీటరు చూడటానికి మధ్య తేడా ఆ ఒక్క కాగితంతో మొదలవుతుంది. ఆ కాగితం కోసం ఒక్క ఏడాది ఆలస్యమైతే మునిగిపోయేదేమీ లేదు.

అంతా ఇంటి మీదే వేయకూడదు

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పిల్లవాడు వెనకబడితే తప్పంతా తల్లిదండ్రులదే అనడం అన్యాయం. పొద్దున్నే పనికెళ్ళి పొద్దుపోయి వచ్చే మనిషిని "మీరు శ్రద్ధ పెట్టడం లేదు" అని మందలించడం తేలిక. బీహార్, రాజస్థాన్‌లలో వందలాది పల్లెల్లో ఎక్కువమంది చదువురాని తల్లులతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి అక్షరాలు నేర్పారు. కొందరికి ఇంట్లో పిల్లలతో చేయించే చిన్న చిన్న పనులు వారం వారం చెప్పారు. కొందరికి రెండూ ఇచ్చారు. తల్లులు పిల్లల చదువులో పాలుపంచుకోవడం పెరిగింది, పిల్లల లెక్కలు కొంత మెరుగుపడ్డాయి. కానీ ఆ మెరుగు చిన్నదే. దీన్నుంచి మనం నేర్చుకోవలసింది రెండు సంగతులు. అక్షరం రాని తల్లి చేసే సాయం వృథా పోదు. అలాగని అది బడికి బదులు కాదు. మాస్టారు పాఠం చెప్పాలి, ట్యూటర్ రావాలి, హాస్టల్లో దీపం వెలగాలి, తిండి సరిగ్గా ఉండాలి. ఇవన్నీ జరుగుతున్నాయో లేదో అడిగేవాళ్ళు కావాలి. కనిపెట్టుకుని ఉండటంలో అడగడం కూడా ఒక భాగం.

తమ్ముళ్ళకు, అన్నయ్యలకు

తమ్ముళ్ళూ, మీకు రానిది దాచకండి. స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచి పెదాలు ఆడిస్తే వార్డెన్ గారు గమనించకపోవచ్చు, పరీక్ష పేపరు మాత్రం గమనిస్తుంది. నాకు ఇక్కడ రాదు అని చెప్పడం అవమానం కాదు. గాయం చూపిస్తేనే కదా మందు రాస్తారు. ప్రోగ్రెస్ కార్డు మీద పక్కవాడి చేత నాన్న సంతకం పెట్టించకండి. ఆ కార్డులో ఏముందో నాన్నకు చదివి చెప్పండి. తక్కువ వచ్చిందీ చెప్పండి, ఎందుకు తక్కువ వచ్చిందీ చెప్పండి. నాన్నకు చదువు రాదని ఆయన ముందు అబద్ధం చదివితే మోసపోయేది ఆయన కాదు. అమ్మానాన్నలు బడికి వచ్చినప్పుడు వాళ్ళ మాసిన బట్టలు చూసి పక్కకు తప్పుకోకండి. చేయి పట్టుకుని మాస్టారి దగ్గరకు తీసుకెళ్ళండి.

అన్నయ్యలూ, మీలో ఇప్పటికే చాలామంది తండ్రులయ్యారు. మీ పిల్లలకు చదువు చెప్పే తాహతు మీకుంది. అయినా మీరు చదివిన హాస్టల్లో మీ పాత మంచం మీద ఇప్పుడు ఎవరో కొత్త పిల్లవాడు పడుకుంటున్నాడు. వాడి ఇంట్లో వాడే మొదటి అక్షరం కావచ్చు. నెలకు ఒక ఆదివారం వచ్చి ఒక్క పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. డబ్బు చందాగా ఇవ్వడం మంచిదే. గంటసేపు వినడం ఇంకా మంచిది. ఆ పిల్లవాడి తల్లిదండ్రుల ఫోను నంబరు తీసుకుని, వాళ్ళు బడికి వెళ్ళాల్సిన రోజు ముందుగా గుర్తు చేయండి.

చివరిగా ఒక మనవి. ఈ సంచికను పెట్టె అడుగున పడేయకండి. ఈసారి సెలవులకు ఇంటికి పట్టుకెళ్ళి, పొద్దుగూకాక అమ్మ పని ముగించుకుని కూర్చున్నప్పుడు ఈ వ్యాసం పైకి చదివి వినిపించండి. మధ్యలో ఎక్కడైనా నలిగితే సిగ్గుపడకుండా మళ్ళీ చదవండి. చదవడం అయ్యాక ఇందులో ఏముందో అమ్మకు మీ మాటల్లో చెప్పండి. పైన చెప్పిన పనుల్లో మొదటి రెండూ ఆ రాత్రికే అయిపోతాయి. మిగతావి మర్నాటి నుంచి మొదలుపెట్టవచ్చు.

– ఒక పూర్వ విద్యార్థి (పీజీ), తాటిపాక